మూడు దెబ్బల పాట

తిత్తిలో ఎక్కడో గాలి పోతున్నది. ఏసోబు హార్మోనియం పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, వెనుక రెక్కను మెల్లగా తెరిచి మూస్తూ చెంపను దాని దగ్గర పెట్టాడు. చెవికి వినబడని చీలిక చెంపకు తెలుస్తుంది. కుడి మూల మడత దగ్గర సన్నగా గాలి తగిలింది. మేక తోలు గోరంత ముక్క కోసి, దాని అంచులు పలుచగా చెక్కి, చింతగింజల జిగురు పూసి ఆ చోట అతికించాడు. అది ఆరేదాకా బొటనవేలితో అదిమి పట్టి, రెండో చేత్తో జొన్నగటక తిన్నాడు.

"పెట్టెకు చేసే సోకు ఇంటికి చేస్తే ఇది బంగ్ల అయితుండె" అంది భార్య మారెమ్మ, కప్పులోంచి నేల మీద పడుతున్న ఎండను చూపిస్తూ.

"ఇల్లు పాడతదా?" అన్నాడు ఏసోబు.

అతనికి యాభై దాటాయి. పొట్టి మనిషి. చిన్నప్పటి నుంచి వంగి కూర్చుని తోలు కుట్టడంతో భుజాలు ముందుకు వాలి, నిలబడ్డా కూర్చున్నట్టే కనిపిస్తాడు. తంగేడు చెక్కలో తోళ్ళు నానబెట్టీ నానబెట్టీ అరచేతులు ఎర్రనల్లగా మారాయి. ఆ రంగు ఏ సబ్బుకూ పోదు. రైతులకు బావి నీళ్ళు తోడే మోటల తోలు తొండాలు, గడీ దొరకు వెట్టి చెప్పులు, ఆదివారం నాడు మిషను గుడిలో పాటలు. నకిరేకల్ దాటి ఏ ఊరికి పోయినా పెట్టె నెత్తిన పెట్టుకునే పోయాడు. అతని గురించి ఊళ్ళో ఎవరైనా చెప్పగలిగింది ఇంతే.

పెట్టె అతను కొన్నది కాదు. మిషను బడిలో చదివే రోజుల్లో అక్కడి తెల్ల దొరసాని కాలితో తొక్కే పెద్ద పెట్టె వాయించేది. ఏసోబు పుస్తకం వదిలి ఆమె వేళ్ళు చూసేవాడు. ఆమె తన దేశానికి వెళ్ళిపోయాక, తిత్తి చినిగి మూలన పడి ఉన్న చేతి పెట్టెను పాదిరి ఇతనికిచ్చాడు. తోలు పని తెలిసినవాడు కదా, బాగు చేసుకుంటాడని. చేసుకున్నాడు. ఇప్పుడు ఆ పెట్టెలో దొరసాని నాటిది కట్టె ఒక్కటే. తిత్తి అంతా ఏసోబుదే.

"ఏసోబూ! పొద్దెక్కుతాంది!"

వాడకట్టు బయట పేడకుప్పల దగ్గర బండి ఆగింది. కిష్టయ్య అక్కడి నుంచే పిలుస్తాడు. ఎన్నేళ్ళుగా కలిసి వాయిస్తున్నా ఆ కుప్పలు దాటి లోపలికి ఎన్నడూ రాలేదు. ఏసోబు కూడా కిష్టయ్య ఇంటి గడప ఎక్కలేదు. రమ్మని వాళ్ళు అనలేదు, పోవాలని ఇతను అనుకోలేదు.

కిష్టయ్య కాపు రైతు. మద్దెల వాయిస్తాడు. ఎత్తరి, బక్క మనిషి, తెల్లబడిన గుబురు మీసం. ఆ రోజు ఏసోబు బండెక్కుతుంటే అతను మామూలుగా చేసే వేళాకోళం ఏదీ చేయలేదు. ఎడ్లను అదిలించి, దారి పొడుగునా మద్దెల మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. మాఘమాసం. కోసిన జొన్నచేలు తెల్లగా ఎండి ఉన్నాయి.

వాళ్ళిద్దరినీ కలిపింది ఒక మోట బావి. ఏసోబు అప్పుడు పడుచువాడు. కిష్టయ్య వాళ్ళ బావి గట్టున అతను కూర్చుని, మోటకు రెండో తొండం కుట్టి, జిగురు ఆరే లోపల పెట్టె తీసి ఒక వరుస పలికించుకుంటున్నాడు. ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళిపోయాక దొరసాని తన కోసం తాను వాయించుకునే వరుస అది. దానికి మాటలు లేవు. మోట తోలుతున్న కిష్టయ్య ఎడ్లను ఆపి, బొక్కెన బోర్లించి దాని మీద వేళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు.

"రెండు గాదు, నాలుగు గాదు. గిదేం నడక?" అన్నాడు. "మూడు దెబ్బలేనా? మూడోది పడంగనే మల్ల మొదటికొస్తాంది. కాలు కింద పెట్టనిస్తలేదు గద!"

ఆ సాయంత్రం పొలానికి నీళ్ళు పారలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో, భజనల్లో, కోలాటాల్లో ఆ వరుస ఊరూరా తిరిగింది. ఆడవాళ్ళు కలుపు తీస్తూ దానికి తమ మాటలు పెట్టుకున్నారు. ఒక ఊళ్ళో మేనమామను తిట్టే పాట అయింది. ఇంకో ఊళ్ళో వానను పిలిచే పాట అయింది. అందరూ దాన్ని మూడు దెబ్బల పాట అన్నారు.

ఆ రోజు వాళ్ళు వాయించబోయిన పెళ్ళి చెన్నయ్య ఇంట్లో. అతను కిష్టయ్యకు వరుసకు అల్లుడు. పందిరి కింద మద్దెల కోసం జంపఖానా పరిచి ఉంది. దానికి మూరెడు అవతల, మట్టి మీద, పెట్టె కోసం గోనెపట్టా. ఎప్పుడూ అంతే. అంత దూరం నుంచి, పెళ్ళివాళ్ళ సందడిలో, మద్దెల ఎడమ వైపు మోత ఏసోబుకు సరిగ్గా వినబడదు. అందుకని చెవితో కాక కళ్ళతో వినడం అలవాటు చేసుకున్నాడు. కిష్టయ్య ఎడమ భుజం దిగినప్పుడు దెబ్బ పడినట్టు. ఇన్నేళ్ళూ ఆ భుజాన్ని చూస్తూనే వాయించాడు.

కిష్టయ్య జంపఖానా మీద కూర్చుని, మద్దెల సవరించుకుని, మళ్ళీ లేచాడు. మద్దెల ఎత్తుకుని వచ్చి గోనెపట్టా పక్కన మట్టి మీద కూలబడ్డాడు.

ఏసోబు గాబరాగా జరిగాడు. "పటేలా, బట్టలకు మట్టి అంటుతది."

"అంటనియ్. గాడ నడుం నిలుస్తలేదు. గీడ చల్లగున్నది."

చెన్నయ్య పరుగున వచ్చాడు. "మామా, పైన కూసో. మంది చూస్తాండ్రు."

"చూడనియ్ రా. వింటానికే గద పిలిచినవు?"

చెన్నయ్య వచ్చే చుట్టాలను చూసే నెపంతో వెళ్ళిపోయాడు. పందిట్లో గుసగుసలు లేచి సద్దుమణిగాయి. ఏసోబు చేతులు పెట్టె మెట్ల మీద ఉన్నాయి కానీ వేళ్ళు కదలలేదు. కిష్టయ్య మోకాలు అతని మోకాలికి తగులుతున్నది. జరుగుదామంటే చోటు లేదు.

"ఎత్తుకో" అన్నాడు కిష్టయ్య, అతని వైపు చూడకుండా.

ఎత్తుకున్నాడు. మొదటి దెబ్బకే ఎడమ వైపు మోత నేలలోంచి వచ్చి అతని తొడలను తాకింది. గుమ్ముమంటూ, లోతుగా ఉంది అది. ఇంత ఉందా దీంట్లో అనుకున్నాడు ఏసోబు. కళ్ళు మూసుకున్నాడు. చూడవలసిన పని లేకపోయింది.

పొద్దు వాలుతుండగా పెళ్ళికూతురి నాయనమ్మ నర్సింగమ్మ కర్ర పట్టుకుని పందిట్లోకి వచ్చింది. "మూడు దెబ్బలది కొట్టుండ్రి. పిల్ల రేపు పోతది. ఒక్కసారి ఆడి తోలిస్త" అంది. కర్ర మనుమరాలికిచ్చి, నడుముకు కొంగు చుట్టి, ఆడవాళ్ళ మధ్య నిలబడింది. వాళ్ళు గుండ్రంగా తిరిగారు. మూడో దెబ్బకు అందరి కాళ్ళూ ఒక్క క్షణం గాలిలో ఆగి దిగుతున్నాయి. ముసలమ్మ కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆట తప్పలేదు. ఏసోబు ఎక్కడ ఆపాలో మరిచిపోయాడు. కిష్టయ్య ఆపలేదు. చివరికి నర్సింగమ్మే "ఇగ సాలు, నా పానం పోతాంది" అని నవ్వుతూ కూలబడింది.

భోజనాలకు కిష్టయ్యను లోపలికి పిలిచారు. ఏసోబుకు పెరటి గోడ పక్కన అతను తెచ్చుకున్న గిన్నెలోనే పెట్టారు. సగం తిన్నాడో లేదో కిష్టయ్య బండి దగ్గర కనిపించాడు.

"గప్పుడే తిన్నరా పటేలా?"

"సైసలే, ముద్ద దిగలే. పోదాం పా. నువ్వు తోలు, నేను జర పంట."

బండి తోలడం ఎన్నడూ ఇవ్వని మనిషి. ఏసోబు పగ్గాలు పట్టుకున్నాడు. కిష్టయ్య వెనుక గడ్డి మీద వాలి, మద్దెలను పక్కన పెట్టుకున్నాడు. ఎండ పసుపుపచ్చగా వాలింది. కొంత దూరం పోయాక అడిగాడు.

"ఏసోబూ, గా పాట పేరేంది?"

"తెల్వది పటేలా. దొరసాని చెప్పలే."

"అడగకపోతివా?"

"చిన్న పోరన్ని. భయమైతుండె."

కిష్టయ్య నవ్వినట్టు వినబడింది. "ఇయ్యాల మంచిగ పలికింది. దగ్గరుంటే వేరే ఉన్నది." తల కింద గడ్డి సర్దుకుని, "వాగు దాటినంక లేపు" అన్నాడు.

వాగులో నీళ్ళు మోకాలి లోతు. ఎడ్లు ఆగి తాగాయి. ఏసోబు వాటిని తాగనిచ్చాడు. అవతలి గట్టెక్కాక పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. దిగి, వెనక్కి వెళ్ళి కాలు కదిపాడు. తర్వాత చేయి పట్టుకున్నాడు. ఆ చేతిని అతను ముట్టుకోవడం అదే మొదలు. వేళ్ళ చివర్లు తన వేళ్ళలాగే కాయలు కట్టి ఉన్నాయి. వాగు నీళ్ళు కదిలి కదిలి మళ్ళీ తేటబడేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తన తుండుగుడ్డ తీసి అతని ముఖం మీద కప్పి, ఎడ్లను నెమ్మదిగా నడిపించాడు.

దీపాలు పెట్టే వేళకు బండి ఇంటి ముందు ఆగింది. కిష్టయ్య భార్య యాదమ్మ వాకిట్లోకి వచ్చింది.

"పండిండా?"

ఏసోబు పగ్గాలు వదిలి బండి దిగాడు. ఆమె బండి దగ్గరికి వచ్చి గుడ్డ తీసి చూసింది.

అయినవాళ్ళు వచ్చి మనిషిని దించి లోపలికి తీసుకుపోయారు. ఏడుపులు లేచాయి. ఏసోబును రమ్మని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు. అతను ఎడ్లను విప్పి, గడ్డి వేసి, బండి చక్రం పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి యాదమ్మ ఒక్కతే బయటికి వచ్చింది.

"ఆఖరికేమన్నడు?"

"వాగు దాటినంక లేపుమన్నడమ్మా. లేపిన."

"ఏమన్న నొస్తాందన్నడా?"

"నడుం నిలుస్తలేదన్నడు. అందుకే నా పక్కన కింద కూసున్న అన్నడు."

యాదమ్మ అతని ముఖంలోకి చూసింది. "నడుమా? ఇన్నేండ్ల కాపురంల ఒక్కనాడు నడుం నొప్పి అనలే గా మనిషి."

లోపలి నుంచి ఎవరో ఆమెను పిలిచారు. పోబోతూ ఆగి, "మద్దెల నువ్వే తీస్కపో ఏసోబూ. నా ఇంట్ల కొట్టెటోళ్ళు లేరు" అంది.

ఏసోబు బండి వెనక్కి వెళ్ళాడు. గడ్డిలో మనిషి పడుకున్నంత మేర అణిగి ఉంది. దాని పక్కన మద్దెల. మోత బరువుగా రావడానికి ఎడమ మూతకు మెత్తే తడిపిండిని వాయించడం అయ్యాక గీకివేయాలి, లేకపోతే తోలు చెడుతుంది. కిష్టయ్య దాన్ని గీకలేదు. పిండి అంచులు ఎండి తెల్లగా పగుళ్ళిచ్చాయి, నడుమ ఇంకా పచ్చిగా ఉంది, ఆ పచ్చి మీద నాలుగు వేళ్ళు పడిన గుంటలు.