టైలరుగారి వంటగట్టు

బిల్డరు అనేవాడి నోట "అది మా వల్ల కాదు" అన్న మాట రాదు. పొయ్యి పెట్టే గట్టు దగ్గర్నుంచి కర్టెన్లు వేలాడే కడ్డీ దాకా "అన్నీ ప్యాకేజీలోనే ఉన్నాయండీ, మీరు తాళం తీసుకుని లోపలికి రావడమే" అంటూ అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు. ఆ మాటకి టైలరు తల ఊపాడు. ఆయన అందరికీ ఊపుతాడు. కొట్టుకొచ్చినవాళ్ళు "రేపటికే కావాలి" అన్నా ఊపుతాడు, "ఊరికే చూసిపోదామని వచ్చా" అన్నా ఊపుతాడు. అంత పొడుగు మనిషి మీద ఆ తల ఊగుతుంటే చూసేవాళ్ళకి ముచ్చటేస్తుంది, కాపురం చేసేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది.

కాపురం చేసేది పొట్టక్క. వీధి వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది, ఆవిడా పలుకుతుంది. భర్త కుట్టిన బట్టలకి బొత్తాలూ హుక్కులూ కుట్టేది ఆవిడే, మూడు పూటలా వండి పెట్టేదీ ఆవిడే. ఇన్నేళ్ళలో మారిన అద్దె ఇళ్ళలో ఏ ఒక్క వంటగట్టూ ఆవిడ ఎత్తుకి కట్టింది కాదు. అందుకని ఒక చెక్కపీట వేసుకుని, దాని మీద నిలబడి వండేది. పీట మీద ఉన్న మనిషికి పక్కకి అడుగేసే వీల్లేదు. ఉప్పుకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. గరిటెకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఒకసారి ఏదో ధ్యాసలో దిగడం మర్చిపోయి, వేడి గిన్నెతో పక్కకి అడుగేసింది. చెయ్యంతా బొబ్బలెక్కి చాలా రోజులు సూది పట్టుకోలేకపోయింది.

కాబట్టి కొత్త ఇల్లు అనగానే ఆవిడ మనసులోకి హాలు రాలేదు, పడగ్గది రాలేదు. రెండు పాదాలూ నేలకి ఆనించి వంట చేసుకోవాలి. అంతే కోరిక. చెబితే నవ్వుతారేమోనని లోపలే దాచుకుంది.

ఏయే పనులు తనకి వదిలేస్తారో, ఏవి బయటివాళ్ళతో చేయించుకుంటారో ఆ వారంలోగా తేల్చి చెప్పమన్నాడు బిల్డరు. సెలవు రోజు పొద్దున్నే టైలరు, పొట్టక్క, అత్తగారు గుడ్డముక్కల మధ్య చాప పరుచుకుని కూర్చున్నారు.

"టైల్స్ వాళ్ళనే వెయ్యనీండి. వంకరగా వస్తే తిట్టడానికి మనిషుంటాడు," అంది అత్తగారు. ఆవిడ తీర్పులన్నీ ఇలాగే ఉంటాయి, కాదనడానికి దారి దొరకదు. రంగులు కూడా బిల్డరుకే వదిలేశారు. ఫ్యాన్లు మాత్రం వద్దంది అత్తగారు. నమూనాకని చూపించిన ఫ్లాట్లో ఆవిడ స్విచ్చి వేసి, కాసేపు దాని కింద నిలబడి చూసింది మరి. "అది గాలి కంటే కబుర్లు ఎక్కువ చెబుతోందిరా. మనమే కొనుక్కుందాం."

"కర్టెన్లు?" అంది పొట్టక్క, నవ్వు బిగబట్టి.

టైలరు మొహం ఎర్రబడింది. "టైలరు ఇంట్లో ఇంకెవడో కుట్టిన కర్టెనా? ఇంక నేను కొట్టు తెరిచినట్టే." తర్వాత అదే ఊపులో, ఎవరూ అడక్కుండానే, "వంటగది మాత్రం వాళ్ళకే. పైపులూ అవీ ఉంటాయి. మనం వేలు పెడితే, రేపు నీళ్ళు కారినా మాకు సంబంధం లేదంటారు," అనేశాడు.

న్యాయమైన మాటే. పొట్టక్క చేతిలో ఉన్న చొక్కాకి బొత్తం బిగించి, దారం పళ్ళతో తెంపింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదని ఆవిడకి తెలుసు.

"పైపులు వాళ్ళనే దింపమనండి. గట్టు మనం కట్టించుకుందాం."

"ఎందుకు? గట్టు గట్టే కదా."

"నాకు అందాలండీ. పీట ఎక్కి వండడం నా వల్ల కావట్లేదు. సొంతింట్లో కూడా ఎక్కుతూ దిగుతూ ఉండాలంటే నాకు ఏడుపొస్తోంది."

అత్తగారు కోడలి వంక కొత్తగా చూసింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"అద్దె ఇంటి గురించి చెప్పి ఏం లాభం అత్తయ్యా?"

టైలరు తల ఊపలేదు. గుడ్డముక్కలు చేత్తో అటూ ఇటూ జరిపి, "గట్టు మనదే," అన్నాడు.

బిల్డరు ఊరుకుంటాడా? "మేడమ్, గట్టు ఎక్కడైనా ఒకటే ఎత్తండి. రేపు మీరు ఇల్లు అమ్ముకోవాలనుకుంటే కొనేవాళ్ళు ముక్కు విరుస్తారు," అన్నాడు.

"ఇంకా పాలవాడికి చిరునామా కూడా చెప్పుకోలేదు, అప్పుడే అమ్మించేస్తున్నావేంటి నాయనా?" అంది అత్తగారు. బిల్డరు సరే మీ ఇష్టం అన్నాడు.

గట్టు కట్టడానికి తెలిసిన మేస్త్రీని మాట్లాడుకున్నారు. అమ్మగారి మోచేతి ఎత్తు నేల నుంచి కొలిచి చెబితే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడతను. కొలత అనగానే టైలరుకి ప్రాణం లేచొచ్చింది. ఈ మొత్తం ఇంట్లో ఆయనకి వచ్చిన విద్య అదొక్కటే. టేపు మెళ్ళో వేసుకుని వంటింట్లోకి వచ్చేసరికి పొట్టక్క కూర కలుపుతోంది.

"కదలకు," అని మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆవిడకి సిగ్గేసింది. ఆవిడ జాకెట్ల కొలతలు ఆయనకి కంఠతా వచ్చు, టేపు పట్టి ఎన్నేళ్ళయిందో. పొయ్యి సెగకో మరి దేనికో చెంపలు వేడెక్కాయి. ఆయన టేపు జారవిడిచి, నేల దాకా లాగి, కళ్ళు చికిలించి చూసి, అంకె రెండుసార్లు పైకి అనుకుని వెళ్ళిపోయాడు. చేతివాటం సంగతేమో గానీ, కొలత తప్పాడన్న పేరు మాత్రం ఆ టైలరుకి లేదు.

గట్టు లేచింది. ఇటుక కట్టి, పైన కాంక్రీటు పలక పోసి ఆరనిచ్చారు, ఇక గ్రానైటు పరవడమే తరువాయి. ఆ రోజు ముగ్గురూ చూడ్డానికి వెళ్ళారు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు, బిల్డరు కూడా ఏదో పనున్నట్టు తచ్చాడుతున్నాడు. పొట్టక్క చెప్పులు గుమ్మంలో వదిలి, చల్లటి కొత్త నేల మీద నడిచి, గట్టు ముందు నిలబడింది.

గట్టు ఆవిడ గుండెల దాకా వచ్చింది.

టైలరు మొహం పాలిపోయింది. గబగబా టేపు తీసి నేల నుంచి కొలిచాడు. "నేను చెప్పిందే కట్టాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు," అన్నాడు, తనలో తను.

"మేం కట్టినా ఇదే ఎత్తండి. నేను ముందే చెప్పాగా," అన్నాడు బిల్డరు. దానికి మరీ సంతోషించనక్కర్లేదు గానీ, సంతోషించాడు.

అత్తగారు కోడలి పాదాల వంక చూసింది, కొడుకు చేతిలో టేపు వంక చూసింది. "ఒరేయ్, నువ్వు కొలిచినప్పుడు ఇది ఎక్కడ నిలబడి ఉందిరా?"

పీట మీద! టైలరు నుదురు కొట్టుకున్నాడు. అరికాలి దగ్గర ఆపాల్సిన టేపుని, మేస్త్రీ నేల నుంచి అన్నాడు కదా అని, పీట దాటించి నేల దాకా లాగాడు మహానుభావుడు. కొలిచినాయనకి తట్టలేదు, కొలిపించుకున్నావిడకీ తట్టలేదు. పీట ఆవిడ కాళ్ళలో కలిసిపోయి ఎన్నేళ్ళో అయింది. ముందు మేస్త్రీ నవ్వాడు, తర్వాత అత్తగారు గోడ పట్టుకుని మరీ నవ్వింది. పొట్టక్కకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనీలెండి," అన్నాడు బిల్డరు. "పలక గట్టిపడిపోయింది. మేడమ్‌కి ఒక పీట వేసుకుంటే సరిపోతుంది."

భర్త తల ఊపుతాడేమోనని పొట్టక్క ఆయన వంకే చూసింది. ఊపితే ఇక జన్మలో అడగకూడదని కూడా అనుకుంది.

టైలరు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "చూడండి బిల్డరుగారూ. నా కొలత తప్పితే కుట్టు విప్పి మళ్ళీ కుడతాను. కస్టమర్ని వంగి నిలబడమనీ, మడమలెత్తి నడవమనీ నేనెప్పుడూ చెప్పలేదు. మా ఆవిడకి చెబుతానా? మేస్త్రీ, పగలగొట్టు."

"గట్టిగా ఉంది టైలరుగారూ, రోజంతా పడుతుంది."

"అయితే నాకూ ఒక సుత్తి ఇవ్వు."

ఆ రోజు టైలరు కొట్టు తెరవలేదు. దెబ్బ దెబ్బకీ దుమ్ము రేగి, ఆ పొడుగు మనిషి సున్నం వేసిన స్తంభంలా తయారయ్యాడు. పని ముగిశాక ఆ దుమ్ములోనే మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళాం రెండు పాదాలూ నేలకి ఆనాయో లేదో చేత్తో తడిమి చూసి, అప్పుడు కొలత తీశాడు. పొట్టక్క కిందకి చూస్తే ఆయన నెత్తి కనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నెత్తిని పైనుంచి చూడడం ఆవిడకి అదే మొదలు. ఈ మనిషి అంటే తనకి ఎంత ఇష్టమో ఆ నిమిషంలో ఆవిడకి తెలిసొచ్చింది.

ఇంట్లోకి దిగిన రోజు సాయంత్రం టైలరు గ్లాసు కడుక్కుందామని వంటింట్లోకి వచ్చి, సింకు ముందు సగానికి సగం వంగాల్సి వచ్చి నడుం పట్టుకున్నాడు. హాల్లోంచి అత్తగారు, "వంగరా వంగు, ఇన్నాళ్ళకి నీ వంతొచ్చింది," అంది.

నడుం రుద్దుకుంటూ చూస్తే, పొట్టక్క గట్టు మీద ఒక చెయ్యి ఆనించి పొయ్యి దగ్గర్నుంచి సింకు దాకా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. మళ్ళీ సింకు దాకా వచ్చింది.

"ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు.

"ఏమీ వెతకట్లేదండీ," అంది. "నడుస్తున్నా."