ఆరో గ్రేడు టర్నరు

మా ఫ్యాక్టరీ లేతు షాపులో అన్నిటికన్నా పైదైన ఆరో గ్రేడు టర్నరు పోస్టు ఒక్కటే ఉండేది. అందులో ఐదేళ్ళుగా గ్లేబ్ రుద్నేవ్ ఉన్నాడు. ఆ ఐదేళ్ళలో అతను లేతు మెషీను మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు.

దీన్ని ఎవరూ తప్పనుకోలేదు, నాతో సహా. గ్లేబ్ మా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఐస్ హాకీ జట్టులో ఆడేవాడు, దేశం జట్టులోనూ ఆడేవాడు. ఒలింపిక్స్‌లో ఆటకి జీతం తీసుకునేవాళ్ళకి చోటు లేదు. కెనడా వాళ్ళ మొనగాళ్ళంతా అందుకే రాలేకపోయేవాళ్ళు. మా దగ్గర ఆటకి జీతమే లేదు. గ్లేబ్‌కి జీతం లేతు పని చేసినందుకు. ఆ పని చెయ్యడానికి అతనికి తీరిక లేదు, అంతే.

అయినా అతని పేరున నెలనెలా కొన్ని బుష్షులు, అంటే ట్రాక్టరు ఇరుసులకి తొడిగే గొట్టం ముక్కలు, పడాలి కదా. అవి కూడా నా లేతు మీద నేనే తీసేదాన్ని. నా వాటి మీద నా నంబరు 41 ముద్ర కొట్టేదాన్ని, అతని వాటి మీద అతని నంబరు 17. మంచి పని మంచి పనే కాబట్టి 17వ నంబరు వాడికి ప్రతి ఏడాదీ ప్రశంస వచ్చేది, గేటు దగ్గర గౌరవ ఫలకం మీద ఫోటో పడేది. మ్యాచ్ రోజు రేడియో దగ్గర చేరి అందరికన్నా గట్టిగా అరిచింది కూడా నేనే. ఎవరి మీద పడి ఏడవను?

కానీ నాకు ఆరో గ్రేడు కావాలి. పరీక్ష పాసై మూడేళ్ళయింది. ఇరవై ఆరేళ్ళు ఆ మెషీను ముందు నిలబడ్డాను. యుద్ధం రోజుల్లో పని మొదలుపెట్టినప్పుడు, పొట్టిదాన్ని కాబట్టి, కాళ్ళ కింద పెట్టె వేసుకుంటే గానీ హ్యాండిలు అందేది కాదు. ఐదో గ్రేడు మనిషిగా రిటైరవడం నాకిష్టం లేదు.

ఆ జనవరిలో ఫోర్‌మన్ సవేలీ పెత్రోవిచ్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"కపితోలీనా, కొంప మునిగింది. స్వీడన్ పత్రికవాడొకడు వస్తున్నాడు. మన ఆటగాళ్ళు ఉత్త కాయితం మీద టర్నర్లని రాస్తున్నాడంట. గ్లేబ్ పని చేస్తుంటే కళ్ళారా చూస్తాడంట."

"చూడమను. అంతకన్నా ముందు నేను చూడాలి, ఐదేళ్ళనుంచి ఎదురుచూస్తున్నా."

"వేళాకోళం కాదమ్మా. పది రోజులుంది. వాడికి ఒక్క బుష్షు తియ్యడం నేర్పు. ఇది గట్టెక్కిస్తే, ఒలింపిక్స్ అవగానే వాణ్ణి ఈ పోస్టులోంచి తీసి వ్యాయామ శిక్షకుడని రాయించేస్తా. ఆరో గ్రేడు నీది."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

మర్నాటినుంచి గ్లేబ్ పొద్దున్నే వచ్చేవాడు. ముందు పళ్ళు రెండు లేవు, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు. మొదటి రోజే నా పేరు పొట్టి చేసి కాపా పిన్నీ అన్నాడు. చెప్పింది వినేవాడు, చెయ్యి కూడా నిలకడైనదే. ఒకటే రోగం. లేతులో ముక్కని పట్టుకుని తిరిగే చక్కుని కీతో బిగించాక, ఆ కీ తియ్యడం మరిచిపోయేవాడు. కీ వదిలేసి మెషీను ఆన్ చేస్తే అది తూటాలా ఎగిరి ఎవడి తలో పగలగొడుతుంది. అందుకని మా షాపులో ఒక పద్ధతి ఉంది. కీ చక్కులో వదిలి స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చినవాడికి, పక్కన ఎవరుంటే వాళ్ళు మెడ మీద ఒక్కటివ్వాలి. చిన్నా పెద్దా లేదు. సవేలీ కూడా తిన్నాడు, నా చేతనే.

"అబ్బా! పిన్నీ, చెక్ దేశం జట్టు డిఫెండరైనా ఇంత గట్టిగా కొట్టడు."

"వాడికి నీ తల మీద ప్రేమ లేదురా. కీ తియ్యి."

పది రోజుల్లో పదిహేను దెబ్బలు తిన్నాడు. ఆఖరి రెండు రోజులు ఒక్కటీ పడలేదు. గట్టెక్కామనే అనుకున్నాం.

స్వీడన్ ఆయన పేరు హెడ్లుండ్. బక్కగా, పొడుగ్గా, జలుబుతో ఉన్నాడు. వెంట దుబాసీ పిల్ల, ఫోటోలవాడు, మా డైరెక్టరు, కోట్లు తొడుక్కున్న ఎవరో తెలియని ఇద్దరు. గ్లేబ్ ముక్క తీసుకున్నాడు, కొలిచాడు, చక్కులో బిగించాడు. బాగానే చేస్తున్నాడు. ఇంతలో ఫోటోలవాడు పిలిచాడు. గ్లేబ్ అటు తిరిగి నవ్వి, అలా నవ్వుతూనే స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాడు. కీ చక్కులోనే ఉంది.

నేనేమీ ఆలోచించలేదు. నా చెయ్యే లేచింది. ఆ చప్పుడు షాపంతా వినబడింది.

"కళ్ళు నెత్తికెక్కాయట్రా! కీ ఎవడు తీస్తాడు, మీ తాతా?"

"తీస్తున్నా పిన్నీ, తీస్తున్నా," అన్నాడు గ్లేబ్ మెడ రుద్దుకుంటూ.

తరవాత గానీ నాకు ఒంటి మీద తెలివి రాలేదు. డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. సవేలీ నా వంక చూడటం లేదు. నా ఆరో గ్రేడు నా చేత్తోనే పోగొట్టుకున్నాననుకున్నాను. అప్పుడు హెడ్లుండ్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి, తన మెడ వెనక చూపించుకుంటూ ఏదో అన్నాడు.

"వాళ్ళ నాన్నగారూ టర్నరేనట," అంది దుబాసీ పిల్ల. "ఈయన కుర్రతనంలో ఆయన దగ్గర పని నేర్చుకున్నారట. కీ మరిచినప్పుడల్లా సరిగ్గా ఇక్కడే తగిలేదట."

ఆయన రాసింది రెండు వారాలకి మా నోటీసు బోర్డు మీదికి తర్జుమా అయి వచ్చింది. జీతానికి ఆడే ఆటగాణ్ణి ప్రపంచంలో ఎక్కడా ఎవరూ ఇలా కొట్టరని, కొట్టించుకుని సిగ్గుపడనివాడు నిజంగా టర్నరేనని, ఈ విషయంలో తన అనుమానం తీరిపోయిందని రాశాడు. పెద్దమనిషి. నా మెషీను పక్కగా పోయినవాళ్ళంతా నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరిలో మావాళ్ళు బంగారు పతకం తెచ్చారు. మార్చిలో సవేలీ దగ్గరికెళ్ళాను.

"కపితోలీనా, ఏం చెప్పమంటావ్," అన్నాడు. "పైనుంచి కాయితమొచ్చింది. గ్లేబ్ పేరు కదపొద్దంట. ప్రపంచమంతా వాడు టర్నరని చదివిందాయె. ఇప్పుడు తీసేస్తే ఏమంటారు?"

"ఎన్నాళ్ళు?"

"వాడు ఆడినన్నాళ్ళు."

గ్లేబ్‌కి ఇరవై నాలుగేళ్ళు. నాకు నలభై తొమ్మిది. ఆడవాళ్ళకి రిటైర్మెంటు యాభై అయిదుకి. ఆ లెక్క వెయ్యడానికి మైక్రోమీటరు అక్కర్లేదు.

సంగతి తెలిసి గ్లేబ్ డైరెక్టరు దగ్గరికెళ్ళి గొడవపడ్డాడు. నీ పని ఐసు మీద, అక్కడే చూసుకో అన్నారట. నాకో పెద్ద చాక్లెట్ డబ్బా తెచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. వాణ్ణి తిట్టడానికి మనసు రాలేదు. ఆ రాత్రి మాత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

గౌరవ ఫలకం మీద ఇప్పుడు కొత్త ఫోటో ఉంది. లేతు ముందు గ్లేబ్, మెడ దగ్గర ఎవరిదో చెయ్యి. కింద అతని పేరు, ఆరో గ్రేడు టర్నరు అని. చెయ్యి ఎవరిదో రాయలేదు.

మొన్న సవేలీ మళ్ళీ వచ్చాడు, చేతులు నలుపుకుంటూ.

"వచ్చే నెల ఫిన్లాండు పత్రికవాళ్ళొస్తున్నారు. గ్లేబ్‌ని పిలిపిస్తున్నా. కీ కావాలనే వదులుతాడు. నువ్వు, మరి... పోయినసారిలాగే..."

"కుదరదు సవేలీ పెత్రోవిచ్," అన్నాను. "ఆయన ఆరో గ్రేడు. నేను ఐదో గ్రేడుదాన్ని. పై గ్రేడు వాళ్ళ మీద చెయ్యెలా చేసుకుంటాను?"

అతను వేళాకోళమనుకుని పడీ పడీ నవ్వాడు. నేను బుష్షు తిప్పి 17 ముద్ర కొట్టాను.