ప్లీడరు గారి ప్రింటర్‌లో మొదటి కాగితం

ఆఫీసు ప్రింటర్ అమ్మేటప్పుడు అందరూ పైన దుమ్ము తుడుస్తారు, లోపలి సంగతి ఎవరికీ పట్టదు. తెనాలి నుంచి రేపల్లె దాకా పదిహేనేళ్లుగా ఈ మిషన్లు బాగుచేస్తున్నాను. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కాపీ తీసిన కాగితాలన్నీ మిషన్ లోపలి హార్డ్ డిస్క్‌లో ఉండిపోతాయండి అని చెబితే, "ఉంటే ఏంటి?" అంటారు.

రేపల్లెలో ప్లీడరు వెంకటరాఘవయ్య గారు మాత్రం అలా అనలేదు. "దేవదానం, నేను పోయాక దీన్ని అమ్మితే ముందు నువ్వొచ్చి అంతా చెరిపెయ్యాలి. విడాకులు, వీలునామాలు, ఊళ్లో సగం మంది గుట్టు దీని కడుపులో ఉంది" అన్నారు. ఆయన పోయిన రెండు నెలలకు బాపట్ల జిరాక్స్ షాపువాళ్లు మిషన్ కొంటామని వచ్చారు. ఆయన భార్య వెంకటరమణమ్మ గారు నాకు ఫోన్ చేశారు.

ఆఫీసు గది బోసిగా ఉంది. ఫైళ్లన్నీ కక్షిదారులకు తిరిగి ఇచ్చేశారట. నేను మిషన్ ఆన్ చేస్తుంటే ఆవిడ స్టూలు మీద కూర్చుని మెల్లగా అడిగారు.

"బాబూ, ఇందులో ఆయన చేతిరాత ఏమైనా ఉంటుందా? ఇంట్లో చీటీముక్క కూడా లేదయ్యా. అన్నీ గుమాస్తా టైపు చేసినవే."

చెరపడానికి వెళ్లినవాడు దేన్నీ తెరిచి చూడకూడదు. అది నా పద్ధతి. స్క్రీన్ మీద వచ్చే కాపీల లిస్టులో పేర్లుండవు, తేదీ, టైమే ఉంటాయి. ఏది నొక్కితే ఎవరి కాపురం బయటపడుతుందో తెలియదు. కుదరదని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాను.

అప్పుడు గుర్తొచ్చింది. ప్లీడరు గారు రోజూ ఆఫీసు తెరవగానే ‘శ్రీరామ’ అని రాసిన కాగితం పెట్టి మొదటి కాపీ తీసేవారు. ఆ తర్వాతే కక్షిదారుల పని. పొద్దున్నే సర్వీసుకు వెళ్లినప్పుడల్లా చూశాను.

"ఒక్కటే తీస్తానమ్మా. రెండోది అడగొద్దు" అన్నాను, కాస్త కటువుగానే.

లిస్టులో ఆయన ఆఫీసుకొచ్చిన చివరి రోజు తేదీ చూసి, ఆ రోజు మొదటి వరస నొక్కాను. కాగితం బయటికొచ్చింది. మధ్యలో ‘శ్రీరామ’, అంతే. ఆవిడ రెండు చేతులా అందుకుని, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చూశారు.

"ఇది నా రాతే బాబూ."

నాకు అర్థం కాలేదు.

"చెయ్యి వణుకుతోందని ఆర్నెల్లుగా రోజూ నాతో రాయించుకునేవారు. దేవుడి దగ్గర పెడుతున్నారనుకున్నా. ఇక్కడికి తెచ్చుకునేవారా?"

ఇక పద్ధతీ లేదు, ఏమీ లేదు. "పాతవి ఉంటాయమ్మా, ఆయన చేత్తో రాసినవి. రెండేళ్ల కిందటిది తీస్తానుండండి" అంటూ స్క్రీన్ మీద వేలు పెట్టబోయాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఒక్కటే అన్నావు కదయ్యా. అంతా చెరిపెయ్యమన్న ఆయన మాట నిలబెట్టు."

చెరపడానికి రెండు గంటలు పట్టింది. డిస్క్‌లో ఉన్నదాని మీద పిచ్చిరాతలు మూడుసార్లు రాసుకుంటూ పోతుంది మిషన్. ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని ఆవిడ అక్కడే కూర్చున్నారు. లిస్టు ఖాళీ అయ్యాక, పని చేస్తోందో లేదో చూడాలి కాబట్టి ఒక తెల్లకాగితం పెట్టి కాపీ తీశాను. తెల్లగానే వచ్చింది.

ఆ మిషన్‌లో రోజూ మొదట ఏం వచ్చేదో మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గోడవైపు తిరిగి, చుట్టిన వైరునే మళ్లీ చుట్టాను.