ఇంకొక నీలమ్మ

నీలమ్మకు భయమంటూ ఉన్నది ఒక్కటే, కిరాయి ఇంట్ల సావు. పెనిమిటి మొగిలి దవాఖానల పోయిననాడు ఇంటి ఓనరు పీనుగను గేటు లోపలికి రానియ్యలే. రానిస్తే మల్ల ఎవరూ కిరాయికి దిగరన్నడు. చందానగర్ రోడ్డు పక్కన, కూరగాయల మడిగెల ముంగట మొగిలిని పండబెట్టి స్నానం పోసిన్రు. కూరగాయలకు వచ్చినోళ్లు దాటుకుంట పోయిన్రు. ఆయన దున్నిన పొలం మీద ఇయ్యాల అద్దాల కంపెనీలు నిలవడ్డయి, ఆయనకేమో ఆఖరికి పండుకోను జాగ లేకపాయె. పొలం పోంగ మిగిలిన వంద గజాల ప్లాటుల రెండర్రలు ఏసుకోవాలె, తన పీనుగ తన వాకిట్లకెల్లే లేవాలె అని నీలమ్మ ఆనాడే ఒట్టు పెట్టుకున్నది.

గసుంటి మనిషి ఆ ప్లాటు కాయితం తీసుకపోయి పరాయోని చేతుల పెట్టింది. ఎందుకంటరా, తెలంగాణ కోసం పెట్టింది.

సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలవి. బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు, చౌరస్తాల దీక్షా టెంటు. నీలమ్మ పొద్దున గింత తిని టెంటుల కూసుంటే మల్ల పొద్దుమూకినంకనే ఇల్లు. అక్కడికి రామచంద్రం అనేటాయన వచ్చిండు. మెడల కండువా, మాటల తేనె. రాష్ట్రం వచ్చినంక అసలైన లోకల్ ఉద్యమకారులకు గుర్తింపు కార్డులు ఇస్తరు, దానికి పేర్లు ఎక్కిస్తున్న అన్నడు. రేషన్ కార్డు, ఓటరు కార్డు తెమ్మన్నడు. లోకల్ అని రుజువుకు పాత భూమి కాయితం ఉంటే ఇంకా మంచిదన్నడు. జిరాక్సులు నడవవు, అసలువే కావాలన్నడు. నువ్వెవరివి, నిన్నెవరు పంపిన్రు అని ఒక్కరన్న అడగలే. అడిగితే తెలంగాణ మీదనే అనుమానపడ్డట్టు గాదా? పక్కన కూసున్న యాదయ్య, మొగిలి ఊరోడే, ఆనాడు రోడ్డు మీద పీనుగ పక్కన నిలవడ్డోడు, వదినా వదినా అని తిరిగెటోడు, తనవి ఇచ్చిననే అన్నడు.

అడ్డం పడ్డది అశ్విని ఒక్కతే. కర్నూలు పిల్ల, పక్క పోర్షన్ల ఉంటది, హైటెక్ సిటీల సాఫ్ట్‌వేర్ నౌకరి. నీలమ్మ కాయితాలు సంచిల పెట్టుకుంటుంటే చూసి, అసలువి ఎవ్వరికీ ఇయ్యొద్దని బతిమిలాడింది. జిరాక్స్ ఇచ్చినా సరే, ఎందుకిస్తున్నమో, ఏనాడిస్తున్నమో దాని మీద అడ్డంగ రాసియ్యాలె, అప్పుడు ఇంకో పనికి వాడలేరని చెప్పింది. తమ ఆఫీసుల ఒకాయన పేరు మీద ఎవరో లోను లేపుకపోయిన ముచ్చట గూడ చెప్పింది.

నీలమ్మకు ఒళ్లు మండింది. "మా తెలంగాణ రావుడు మీకు ఇష్టం లేదు బిడ్డా. గందుకే గిట్ల అడ్డం తగులుతున్నవు."

అశ్విని మొఖం చిన్నబోయింది. "నేను రాష్ట్రం గురించి మాట్లాడలేదు ఆంటీ. మీ గురించి మాట్లాడుతున్నా."

ఆ మాట చెవికెక్కితేగా! కొన్నాళ్లకు ఆ పిల్ల నిజాంపేటల హాస్టల్ చూసుకొని పోయింది. నీలమ్మ పొమ్మనలే, ఉండుమని గూడ అనలే. ఫోను నంబరన్నా అడిగి పెట్టుకోలే.

కాయితాలు మల్ల రాలే. అడిగినప్పుడల్లా రామచంద్రం నవ్వేటోడు. ఆఫీసులు బంద్ ఉన్నయి గదమ్మా, సమ్మె అయిపోంగనే కార్డుతోటి సహా ఇస్త, ఫికర్ చెయ్యకు అనేటోడు. సమ్మె అయిపోయింది, నెలలు గడిచినయి. రామచంద్రం పత్తా లేడు, యాదయ్య చౌరస్తా దిక్కే వస్తలేడు. రేషన్ దుకాణానికి పోతే కొత్తగ వచ్చిన డీలరు ఆమెను ఎగాదిగా చూసిండు. నీలమ్మ కార్డు బోరబండకు మారింది, ఆమెనే వచ్చి మార్పించుకున్నది అన్నడు.

నీలమ్మ ఖాళీ సంచి చంకల పెట్టుకొని ప్లాటుకు ఉరికింది. అక్కడ ప్రహరీ లేస్తున్నది. ప్లాటు కొన్ననంటున్న ఒకాయన కుర్చీల కూసొని పని చేయిస్తున్నడు, పాపం కోపం గూడ చెయ్యలే. నీలమ్మ దగ్గరనే కొన్నమమ్మా, ఆమెతోటి కూసొని చాయ్ తాగినం అన్నడు. మొగుని పీనుగను రోడ్డు మీద పండబెట్టిన్రని ఏడిస్తే మేమే ఓదార్చినం అన్నడు.

పేరు కార్డు మీద ఉంటది, సరే. ఆ ఏడుపు ఏ కార్డు మీద ఉన్నది? అది నేర్పాలంటే ఆనాడు పీనుగ పక్కన నిలవడ్డోడే నేర్పాలె.

ఠాణాకు పోయింది. ఎస్సై చెడ్డోడేం గాదు, చెప్పింది మొత్తం విన్నడు, వేలిముద్ర తీసుకున్నడు. నిన్నెరిగినోళ్లను తీసుకరా అన్నడు. టెంటుల కూసున్నోళ్లు తలాదిక్కు పోయిన్రు, అశ్విని నంబరు లేదు. ఇప్పటి ఇంటి ఓనరును కాళ్లావేళ్లా పడ్డది. అగ్రిమెంటే రాసుకోలేదు, నన్ను పోలీసుల పరేషాన్‌ల పెట్టకని ఆయన తలుపేసుకున్నడు. నీలమ్మకు ఏడుపు ఆగలే.

ఠాణా నుంచి పిలుపు వచ్చిననాడు లోపల యాదయ్య కూసొని ఉన్నడు. ఆయన పక్కన ఒక ఆడమనిషి. నీలమ్మ ఈడుదే, నెత్తి మీద కొంగు కప్పుకొని పెద్దమనిషి తీరున ఉన్నది. బల్ల మీద రేషన్ కార్డు, ఓటరు కార్డు, కొన్నాయన పంపిన భూమి కాయితం, అన్నీ ఆమె ముంగటనే ఉన్నయి. ఓటరు కార్డు కొత్తది, దాని మీద ఫోటో ఆమెదే.

ప్లాటు అమ్మిన రిజిస్ట్రీల ఉన్న నీలమ్మ ముద్రకు నీ ముద్ర కలవలేదని ఎస్సై చెప్పిండు. ఊరోడు యాదయ్య గూడ ఈమెనే నీలమ్మ అని రాసిచ్చిండు అన్నడు.

ఆ ఆడమనిషి మెల్లగ నోరిప్పింది. "ఏమనకుండ్రి సారూ. ఎవలో ముసలామె, పాపం మతి తప్పినట్టున్నది."

ఎస్సై కలం తీసి నీలమ్మ దిక్కు తిరిగిండు. "ఇగ నిజం చెప్పమ్మా. నీ అసలు పేరేంది?"

నీలమ్మ యాదయ్య దిక్కు చూసింది. యాదయ్య తల ఎత్తలే. చెప్పుకోను ఆమెకు ఇంకో పేరు లేదు.