జమీలా మీద నింద

"పాపం నసీమ్, చేతిలో గుడ్డు సగమే ఒలిచాడు. అలాగే ఈడ్చుకుపోయారు," అన్నాడు ముందుగదిలో వచ్చినవాళ్లతో మా ఆయన మెనాషే.

వంటింట్లో నా చేతిలో పళ్లెం జారి పగిలింది.

"ఏటైనాదమ్మా?" పనిమనిషి కూర్మమ్మ చీపురుతో వచ్చింది. "దెయ్యాన్ని సూసినట్టున్నావు!"

ఇవాళ మా తమ్ముడు నసీమ్ ఆత్మశాంతికి ప్రార్థన. దానికి పదిమంది యూదు మగవాళ్లు ఉండాలి. బాగ్దాద్ వదిలి మేం చేరిన ఈ మలయా ఊరు పినాంగ్‌లో అంతమందిని పోగెయ్యడమే గగనం. వాళ్లకు వండి పెట్టడం నా వంతు. ఆ పదిమందిలో నేను లెక్కకు రాను.

బాగ్దాద్‌లో టర్కీ సుల్తాన్ ఏలుబడి కింద మేం తల వంచుకునే బతికాం. యుద్ధం రాగానే మా మగపిల్లల్ని సైన్యానికి పట్టుకుపోయారు. నసీమ్‌ను పక్కింటి జమీలా తన నేలమాళిగలో దాచింది. ముస్లిం ఇల్లు కదా, వెతకరనుకున్నాం. శనివారం మాకు పవిత్ర విరామం, పొయ్యి వెలిగించం. శుక్రవారమే అన్నం కుండ మీద గుడ్లు పెట్టి నిప్పుల మీద వదిలేస్తాం, తెల్లారేసరికి ఎర్రగా మగ్గుతాయి. ఒక శనివారం పొద్దున నసీమ్ కోసం ఒక గుడ్డు ముసుగులో దాచి జమీలాకు ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. కాసేపటికే సైనికులు దిగారు. నసీమ్ మళ్లీ రాలేదు. మెనాషే మాత్రం అప్పుడు మా యూదుల గుడిలో ప్రార్థనలో ఉన్నానన్నాడు.

"తురకదాన్ని నమ్మి తమ్ముణ్ణి మింగావు," అని మా అత్త పోయేదాకా దెప్పింది. జమీలాయే పట్టించిందని నేనూ నమ్మి, ఆమె గుమ్మం ముందు ఉమ్మేశాను.

ఆ వారమే మెనాషేకూ సైన్యం పిలుపు వచ్చింది. నసీమ్‌ను పట్టుకుపోయిన ఆ శనివారం సాయంత్రమే, "కాళ్లావేళ్లా పడ్డాను, వదిలేశారు," అంటూ ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది నేనే.

ఇప్పుడు నోరు విప్పితే ఈ ఇల్లుండదు. ఈ ఊళ్లో ఆయన తప్ప నాకెవరున్నారు?

"మొగోళ్ల గది, ఎల్లకమ్మా," కూర్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ముందుగదిలోకి నడిచాను.

మెనాషే ప్రార్థనకు లేస్తున్నాడు. "హబీబా, లోపలికి పో. చాయ్ తరవాత తెద్దువుగాని."

"గుడ్డు పంపింది నేను. గుడిలో ఉన్నవాడివి, అది నసీమ్ చేతిలో ఎలా చూశావు?"

ఎవరో దగ్గారు. నేను పదిమంది వైపూ తిరిగాను.

"నా తమ్ముణ్ణి పట్టించింది జమీలా కాదు. మెనాషే."