తాడు పట్టి చూసే మనిషి

మూడో తాడును నీళ్ళలోంచి తీసి వేళ్ళ మధ్య జారవిడుస్తూ హన్మాండ్లు ఆగిపోయాడు. నీలం తాడు. పైకి కొత్తదే గానీ నడిమధ్య జానెడు మేర మెత్తగా తగిలింది. మళ్ళీ నొక్కి చూశాడు. లోపలి పేటలు నలిగిపోయాయి.

సౌదీలోని ఈ తనూమా కొండల్లో పొద్దెక్కినా మంచు విడవదు. జలపాతం చూడవచ్చినవాళ్ళు కోతులకు అరటిపళ్ళు విసిరి, ఆ ఊపులోనే ఇటొచ్చి నడుముకు తాడు కట్టించుకుని రాతిగోడ ఎక్కుతారు. డబ్బిచ్చి మరీ కొండకు వేలాడే సరదా ఏమిటో అతనికి ఆరేళ్ళయినా అంతుబట్టలేదు. కామారెడ్డి పక్క పల్లెలో తను తాళ్ళెక్కి కల్లు గీసింది పొట్ట కోసం. ఇక్కడ తాళ్ళు కడిగి ఆరేసేదీ అందుకే. యాభై ఎనిమిదేళ్ళ నడుము వంగితే లేవదు, లేస్తే వంగదు.

సూపర్‌వైజర్ ఫారూఖ్ హైదరాబాదువాడు, మంచివాడే. సంగతి చెబితే, రేపు శుక్రవారం, జనం విరగబడతారు, కొత్త తాళ్ళు వచ్చే వారం గానీ రావు, నీలంది కూడా కట్టేయమన్నాడు. సాయంత్రం అరబ్బు యజమాని కఫీల్ వస్తే, ఇక్కడ ఉండే పర్మిట్టు ఇఖామా ఇంకో రెండేళ్ళు పొడిగించమని తనే అడుగుతానన్నాడు. కూతురు శ్రీలత నర్సింగు చదువుకు మిగిలిందీ ఆ రెండేళ్ళే.

హన్మాండ్లు తాడు పక్కన పెట్టాడు. పెట్టగానే భయం పట్టుకుంది. చెట్టెక్కే మోకుతాడు పాడైతే ముక్కలు చేసి పడేయాలన్నది గీతగాళ్ళ కట్టడి. ముప్పై ఏళ్ళ కింద ఒకరోజు బద్ధకించి, అరిగిన మోకును దడి మీద వేసి ఊరుకున్నాడు. బావమరిది పీరయ్య తెలియక అదే తీసుకుని చెట్టెక్కాడు. ఆ చావుకు హన్మాండ్లును ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతనికి మరీ బరువు.

కత్తి తెచ్చి నీలం తాడును మెత్తబడ్డచోట కోసేశాడు.

ఫారూఖ్ తల పట్టుకున్నాడు. "నోటికాడి బువ్వ కాలదన్నుకున్నవ్ చాచా. ఇప్పుడు నీ ఇఖామా గురించి ఏమని అడగాలె?"

"పక్కకు పెడితే ఎవడో ఒకడు ఎత్తుకపోతడు సాబ్. కోస్తెనే ఖతం."

కోసిన చోట పేటలు పీచుపీచుగా రాలాయి. ఫారూఖ్ అది చూశాడు గానీ, సాయంత్రం కఫీల్ వచ్చాక తాడు కోసేసిన సంగతి మాత్రమే చెప్పాడు. కఫీల్ అరవలేదు. ముసలివాడికి మొండితనం వచ్చింది, ఎగ్జిట్ కొట్టించి దేశం పంపేయమన్నాడు.

వారం తిరక్కుండానే అబహా ఎయిర్‌పోర్టుకు వ్యాను ఎక్కాడు. శ్రీలత చదువుకు ఇంకా రెండేళ్ళ ఫీజు మిగిలే ఉంది. అయినా కొండదారి దాటేలోపే, ఏనాడూ లేనంత నిద్ర ముంచుకొచ్చింది.

మర్నాడు ఫారూఖ్ షెడ్డులో అతని అర ఖాళీ చేశాడు. తాళ్ళు పట్టుకునేటప్పుడు వేసుకొమ్మని చేరిన రోజు ఇచ్చిన చేతితొడుగుల జత, కవరైనా విప్పకుండా, అలాగే ఉంది.