రక్కసికి దొరికిన పేరు

ఇది పెద్ద వరద వచ్చిపోయిన మరుసటేడు సంగతి. ఆ వరదలో తమ్ముడి కథలున్న రేకుపెట్టె కొట్టుకుపోతుంటే అక్క నడుంలోతు నీళ్ళలో దిగి లాక్కొచ్చింది. పెట్టె గట్టెక్కింది. గోడ కూలి అక్క కాలు నలిగింది. అప్పటినుంచీ ఆ కాలు ఈడుస్తూనే, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి కూతుర్నీ తమ్ముణ్ణీ సాకుతోంది.

ఆ పెట్టెలోని మంత్రాల దీవి కథని ఒక వారపత్రిక వెయ్యడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే సంపాదకుడు తమ్ముణ్ణి పిలిపించాడు.

"ఏమయ్యా! జ్వాలాకేతుడు, జ్వాలానేత్రుడు, జ్వాలాదంష్ట్ర... అన్నీ జ్వాలలేనా? పోయినవారం చచ్చిందెవరో మా ప్రూఫులు చూసేవాడికే అంతుపట్టలేదు. జనం టీ తాగుతూ చదువుతారు. పేరు చూడగానే ఆ శాల్తీ కళ్ళకి కట్టాలి. మారుస్తావా, కథ ఆపెయ్యమంటావా?"

తమ్ముడు ఇంటికొచ్చి కలం పట్టుకు కూర్చున్నాడు. ఒక్క పేరూ తట్టలేదు. అవతల సర్రు సర్రుమని కాలు ఈడుస్తూ అక్క బొగ్గులకి వెళ్ళింది. వాడి మొహం విచ్చుకుంది. రక్కసి జ్వాలాదంష్ట్ర పేరు కొట్టేసి 'ఈడుపుకాలు' అని రాశాడు. చీకట్లో ఆ ఈడ్చే చప్పుడు వినబడితే చాలు, పసిపిల్లలు మాయమైపోతారు.

పేరు జనానికి ఇట్టే పట్టేసింది. వీధిలో పిల్లలు అక్కని చూసి "ఈడుపుకాలొస్తోందిరోయ్, తలుపులెయ్యండి!" అని పరుగులు తీశారు. చంటిపిల్లలు జడుసుకుంటున్నారని తల్లులు బట్టలు వేరే కొట్టుకి మోసుకుపోయారు.

"ఒరేయ్, దాన్ని చంపెయ్యరా," అంది అక్క. "అది చస్తే జనం మర్చిపోతారు. బట్టలు రాకపోతే ముగ్గురం గాలి తిని బతకాలా?"

"కథన్నాక ఎవరో ఒకరి పోలిక రాదా అక్కా?"

"పోలికేంట్రా! నా కాలు కోసి దానికి అతికించావు."

"సర్లే, ఈ వారం చంపేస్తా."

సంపాదకుడు ఒప్పుకోలేదు. "పిచ్చా నీకు? కథని మోస్తోందే అది! కావాలంటే దానికో తోడు పెట్టు."

అక్కకి చదువు రాదు. పత్రిక వచ్చిన సాయంత్రం పక్క కొట్టు టైలరు చేత చదివించుకుంది. రక్కసి చావలేదు సరికదా, దానికో కూతురు పుట్టుకొచ్చింది. పేరు బొంగురుపిల్ల. అది నోరు తెరిస్తే విన్నవాళ్ళు రాళ్ళయిపోతారు.

టైలరు చదవడం ఆపి, బల్ల కింద ఆడుకుంటున్న అక్క కూతురి వైపు చూశాడు. పుట్టినప్పటినుంచీ ఆ పిల్లది బొంగురు గొంతే. "బొంగురూ" అని ముద్దుగా పిలిచేది మేనమామ ఒక్కడే.

"ఇంకా ఉందమ్మా. చదవమంటావా?"

"చాల్లే అన్నా," అంది అక్క.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు నలిగిన చొక్కా తెచ్చి బల్లమీద పడేశాడు.

"అక్కా, గబగబా ఓ రుద్దు రుద్ది ఇయ్యి. పత్రికవాళ్ళు నా ఫోటో తీస్తారట."

అక్క ఇస్త్రీపెట్టె అందుకుంది. కాలరు దగ్గర మడత కూడా లేకుండా చేసి ఇచ్చింది.

"ఏమే బొంగురూ, మామయ్య ఫోటో పత్రికలో పడబోతోంది, తెలుసా?"

పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు నవ్వి, వేడి చల్లారని చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు.